తెలియనివాళ్ళు

లాండ్రీలో తువ్వాళ్ళ బండి వచ్చి గువ్వ పనిచేసే బల్ల దగ్గర ఆగింది.

"అన్నం తిన్నావా?" అన్నాడు బండి తోసే తాత.

గువ్వ తల వంచుకుని తువ్వాలు మడతపెట్టింది.

"పొద్దున్నే అన్నమేంటయ్యా!" పక్క బల్ల దగ్గర ఇస్త్రీ చేసే అత్త నవ్వింది. "ఆ పిల్ల నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయి. పద, బండి తియ్యి."

తాత కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే మాట.

మెల్లగా నేర్చుకునే పిల్లల బడిలో చదువు ముగించి, గువ్వ ఈ లాండ్రీలో చేరింది. ఆమె మడతకు వంక పెట్టినవారు లేరు. భోజనాల వేళ మాత్రం అందరూ గుంపులుగా కూర్చునేవారు. గువ్వ గోడవైపు తిరిగి డబ్బా తెరుచుకునేది.

ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలో కూలబడింది.

"అమ్మా, రేపట్నించి పనికి వెళ్ళను. మళ్ళీ బడికే పోతాను."

"బడి అయిపోయింది కదా తల్లీ. అక్కడ ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనరు."

అమ్మ దేవుడి పటం వైపు చూసింది. ఇంతమందిని పుట్టించినవాడికి, ఈ పిల్లకో తోడును ఇవ్వడమే బరువైందా?

"ఒక్కరూ పలకరించరా?"

"తాత అడుగుతాడు, అన్నం తిన్నావా అని. నేను చెప్పను. తెలియనివాళ్ళతో మాట్లాడకూడదని టీచర్ చెప్పింది."

అమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"పిచ్చితల్లీ, రోజూ కనబడే మనిషి తెలియనివాడెలా అవుతాడే? రేపు జవాబు చెప్పు."

"ఏమని?"

"తిన్నాను తాతా, నువ్వు తిన్నావా అను."

మర్నాడు బస్సులో దారి పొడవునా గువ్వ అదే గొణుక్కుంది. పక్కనున్నావిడ తననే అడుగుతోందనుకుని, "ఆఁ, తిన్నానమ్మా" అంది.

బండి చప్పుడైంది.

"తిన్నాను తాతా, నువ్వు తిన్నావా?" అంటూ గువ్వ తలెత్తింది.

బండి వెనక వేరే మనిషి ఉన్నాడు.

"తాతేడీ?"

ఇస్త్రీ అత్త పెట్టె పక్కన పెట్టేసింది. "నీకు మాటలొచ్చా! పొగరనుకున్నానే పిల్లా... ఆయన నిన్నటితో మానేశాడు. ఒళ్ళు సహకరించడం లేదని చెల్లెలొచ్చి తనతో తీసుకుపోయింది."

"రేపు వస్తాడా?"

"రాడమ్మా."

గువ్వ మడతపెట్టిన తువ్వాలును విప్పి, మళ్ళీ మడతపెట్టసాగింది.

అత్త దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"ఎప్పుడో వయసులో ఉండగా మీ బడి నుంచే ఇక్కడికొచ్చాడు. ఇన్నేళ్ళూ ఎవరితోనూ పెదవి విప్పలేదు. మీ బడి పిల్ల ఒకతె పనికొస్తోందని విన్నాక, నా పక్కన కూర్చుని ఆ ఒక్క మాటా నేర్చుకున్నాడు."