వీపు మీద వాతలు

“ఇది ఎవరి వీపురా?”

వెల్డరు ఫోను తెచ్చి మాస్టారి ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టాడు. మాస్టారు రోడ్డు వంపులో రాతిగోడ మీద కూర్చుని బూట్లలో ఇసుక దులుపుకుంటున్నాడు. గోడ అవతల బాగా లోతున సముద్రం, ఎండకి తళతళలాడుతోంది. ఇవతల అద్దె వ్యాను, దాని పక్కన ముగ్గురి బ్యాగులు. ఏడాదికోసారి ఇల్లూ వాకిలీ వదిలేసి, బ్యాగులు వీపున వేసుకుని, సముద్రం పక్క రోడ్డు పట్టుకుని పోవడం ఆ ముగ్గురు నేస్తాలకీ అలవాటు. ముందు దారి ఎటో చూద్దామని వెల్డరు మాస్టారి ఫోను అడిగి తీసుకున్నాడు. దారి కనబడలేదు గానీ ఈ ఫోటో కనబడింది.

ఆడమనిషి వీపు. అడ్డంగా నాలుగు వాతలు, కమిలి నల్లబడ్డాయి. ఎడమ భుజం మీద చింతగింజంత పుట్టుమచ్చ. ఆ మచ్చ తన చెల్లెలిదని వెల్డరుకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ చెల్లెల్ని ఎత్తుకుని తిప్పి పెంచింది తనే. నేస్తం కదా, కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాడని ఈ మాస్టారి చేతిలో పెట్టిందీ తనే.

“కూర్చో, చెబుతాను,” అన్నాడు మాస్టారు. “ఇది చెబుదామనే ఈసారి వచ్చాను.”

“చెప్పడానికేముంది? కనబడుతూనే ఉందిగా.”

మొదటి గుద్దు మూతి మీద పడింది. రోజంతా ఇనుముతో కుస్తీ పట్టే చెయ్యి అది. మాస్టారి పెదవి చిట్లి, ముందుపన్ను ఊడి ఒళ్ళో పడింది. పాపం, పంటిని చూసుకునే వ్యవధి కూడా దొరకలేదు, రెండో గుద్దుకి గోడ మీంచి రోడ్డు మీదకి దొర్లాడు.

మూడో నేస్తం, కాంపౌండరు, చేతిలో టీ ఫ్లాస్కు అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చాడు. “ఒరేయ్, నీకేమన్నా పిచ్చెక్కిందా? వాడు చెబుతానంటున్నాడు కదరా, వినవేం?”

“నువ్వు తప్పుకో. ఇది మా ఇంటి గొడవ.”

“ఇంటి గొడవైతే ఇంటికెళ్ళి పడండి. ఇది నడిరోడ్డు.”

కోపం నషాళానికి ఎక్కినవాడికి చెవులు పనిచేస్తాయా? కాంపౌండరు అసలే బక్కప్రాణి. ఒక్క తోపుకి పోయి వ్యాను చక్రం దగ్గర కూలబడ్డాడు.

వెల్డరు మాస్టారి చొక్కా పట్టి లేపి గోడకి అదిమాడు. “ఎన్నాళ్ళ నుంచి కొడుతున్నావు దాన్ని?”

“నేను కొట్టలేదు.”

“అవును, మెట్ల మీంచి జారిపడి ఉంటుంది. అలాంటి కబుర్లు నేనూ చాలా విన్నాను.” డొక్కలో మోకాలితో ఒక్కటిచ్చాడు. మాస్టారు ఊపిరాడక వంగిపోయాడు. “మా నాన్నని నీ ఇంట్లోనే పెట్టుకున్నావు. మా అల్లుడు బంగారమని ఆయన ఊరంతా చెప్పుకుని మురిసిపోతున్నాడు. రేపు ఆ ముసలాయనకి నేనేం చెప్పాలిరా?”

“ఆయన్ని ఏమీ అడక్కు,” అన్నాడు మాస్టారు. అంతసేపూ లేని భయం ఇప్పుడు అతని గొంతులోకి వచ్చింది. “నీ కాళ్ళు పట్టుకుంటాను. ముందు నువ్వు చల్లబడు. ఈ ఊపులో నీకు చెబితే ఓ ప్రాణం పోతుంది.”

“పోతుంది. నీదే పోతుంది.”

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడనే అనుకున్నాడు వెల్డరు. వ్యాను వెనక తలుపు తీసి జాకీ రాడ్డు లాగాడు. మాస్టారు అది చూసి, తన బ్యాగు ఎత్తి వాడి మీదకి విసిరి, రోడ్డెమ్మట పరుగు తీశాడు. డొక్కలో ఎముక ఏదో విరిగినట్టుంది, పది అడుగులు కూడా పోలేకపోయాడు. కాంపౌండరు లేచి వెనక నుంచి వెల్డరుని వాటేసుకున్నాడు. మోచేత్తో వెనక్కి పొడిస్తే అతని ముక్కుదూలం చిట్లి, చొక్కా అంతా నెత్తురైంది. అయినా వదలకపోతే రెండోసారి పొడిచాడు. అప్పుడు వదిలాడు.

రాడ్డు మొదటి దెబ్బ మాస్టారి పిక్క మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు కాంపౌండరుకి కూడా వినబడింది. రెండో దెబ్బకి మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు, ఆ చెయ్యి పక్కకి వేలాడిపోయింది.

“బావా, ఆగరా,” అన్నాడు మాస్టారు. “దాన్ని చూసుకునేవాళ్ళు ఉండరురా.”

మూడో దెబ్బ ఎక్కడ పడుతోందో వెల్డరు చూసుకోలేదు.

అటు తర్వాత మాస్టారు ఏమీ అనలేదు. వెల్డరు మరో రెండు వేసి, ఎదురు లేకపోయేసరికి ఆగాడు. కాంపౌండరు పాక్కుంటూ వచ్చి మెడ మీద రెండు వేళ్ళు పెట్టాడు. తీసి, ఇంకోచోట పెట్టాడు. రోజూ జనం నాడి చూసే మనిషికి ఆ కాస్త పనికి అంతసేపు పట్టడమేమిటని వెల్డరుకి విసుగొచ్చింది.

“పోయాడురా,” అన్నాడు కాంపౌండరు. “చంపేశావు.”

“నా చెల్లెల్ని కొట్టాడు,” అన్నాడు వెల్డరు. “కావాలంటే ఫోటో చూడు. నా చెల్లెల్ని గొడ్డుని బాదినట్టు బాదాడు.”

అప్పుడు వెల్డరు జేబులో మాస్టారి ఫోను మోగింది. తీసి చూస్తే చెల్లెలి బొమ్మ. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“ఏమండీ,” అంది చెల్లెలు, ఎవరికీ వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించి. “అన్నయ్యకి ఇంకా చెప్పలేదు కదా? చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను. నన్ను కొడుతున్నది నాన్నేనని తెలిస్తే ఆయన్ని చంపేస్తాడు. అన్నయ్యదీ నాన్న చెయ్యేనండీ, ఒకసారి లేచిందంటే ఆగదు.”