మసి పట్టిన డెల్టిక్

సోహైల్ షామీర్‌పేటలో బస్సు దిగి ఇంటికొచ్చేసరికి, అతని తండ్రి వహాబ్ పాత టూత్‌బ్రష్‌తో, సబ్బు నురగతో చిన్న రైలింజన్‌ను తోముతున్నాడు.

బ్రిటన్‌లో ఒకప్పుడు పరుగెత్తిన డెల్టిక్ డీజిల్ ఇంజన్‌కు అది అచ్చమైన నమూనా. నిన్ననే పార్సిల్‌లో వచ్చింది. నమూనా రైళ్లు సేకరించే సంఘం వాళ్లు ఈ సాయంత్రం చూడటానికి వస్తున్నారు. వాళ్లకు నచ్చితేనే సోహైల్‌కు సభ్యత్వం.

"ఏం జేస్తున్నవ్ అబ్బా!"

"పరేషాన్ గాకు బేటా. ఎవడో నీకు పాతది అంటగట్టిండు. ఒళ్లంత మసి, నూనె మరకలు. ఇగ సూడు, ఎట్ల మెరుస్తాందో!"

సోహైల్ కుర్చీలో కూలబడ్డాడు.

"అది కొత్తదే అబ్బా. అసలు ఇంజన్ లెక్క ఉండాలని ఆ మసి చేత్తోని అద్దిండ్రు. సాఫున్నయి ఎన్నైనా దొరుకుతయ్. మురికిదని రెండింతలు పెట్టి కొన్న. వాళ్లొచ్చేది ఆ మురికి చూసెతందుకే."

వహాబ్ బ్రష్ కింద పెట్టాడు. బకెట్‌లోని నల్లనీళ్ల వైపు చూశాడు.

"లోకోషెడ్డుల ముప్పై ఏండ్లు ఇంజన్లు కడిగిన," అన్నాడు. "ఒక్క మరకుంటే మల్ల కడిగిచ్చేటోళ్లు. మురికికి గింత కిమ్మతున్నదని ఒక్క అఫ్సరన్న చెప్పలే బేటా."