ఉద్యోగం పీకే పరీక్ష

ఎంబీఏ లేనివాడికి టీకొట్టు పెట్టుకునే అనుమతి మాట అటుంచి, గేదె కూడా పాలివ్వని కాలం వచ్చిపడింది. ఆ చదువులో ప్రాక్టికల్ ఒక్కటే: ఎదుట కూర్చున్న మనిషి ఉద్యోగం పీకెయ్యాలి. ఆ మనిషి ఏడిస్తే విద్యార్థికి మార్కులు పోతాయి. పిల్లల సాధన కోసం కాలేజీవాళ్లు తవిటయ్యను జీతానికి పెట్టుకున్నారు. పొద్దస్తమానం ఉత్తుత్తినే ఉద్యోగం ఊడగొట్టించుకుని ఏడవడమే ఆయన పని. ఆయన ఏడుపుకి గదిగోడలు చెమ్మపట్టాయని చెప్పుకునేవారు.

ఆఖరి పరీక్షలో మాత్రం నిజం ఉద్యోగమే పీకాలి. అదే కాలేజీలో చదువుతున్న తవిటయ్య కూతురు కుసుమకు చీటీలో తండ్రి పేరే వచ్చింది. పిల్ల పరీక్షగది గుమ్మంలోనే ఆగిపోయింది.

"నానా, మరి మనం తినేదేటి?"

"ముందు నువ్వు పాసవ్వమ్మా. కళ్లలోకి సూసి సెప్పు. నానేడవన్లే."

"తవిటయ్యగారూ, రేపట్నుంచి మీరు రానక్కర్లేదు," అంది కుసుమ.

గోడమీద మార్కులేసే యంత్రం ఆయన ముఖాన్ని తడిమి చూసింది. ఆయన పళ్లు బిగించి నవ్వాడు. ఒక్క చుక్క రాల్లేదు. కూతురు గట్టెక్కిందనుకుని, కాలేజీవాళ్లిచ్చే మధ్యాహ్నం భోజనం క్యారేజీ అందుకుని లేచాడు.

"అదక్కడ పెట్టెయ్యండి. ఆ అన్నం ఉద్యోగులకే," అంది కుసుమ.

యంత్రం నూటికి నూరూ వేసింది.

గేటు దగ్గర కాపలావాడి చెయ్యి పట్టుకున్నాడు తవిటయ్య. "సూసావా! ఆ ముక్క నాను నేర్పనేదయ్యా. అంతా దాని సొంత తెలివే," అని మురిసిపోయి, ఖాళీ కడుపుతో ఇంటిదారి పట్టాడు.