ఇరవై రెండు వేలు, ఒక షరతు

"ఆ దూలం కింద నిలబడొద్దమ్మా. లోపలంతా చెద."

హేమావతి ఉలిక్కిపడి పక్కకు జరిగింది.

వెనక గది గుమ్మంలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మోకాళ్ల పైకి కట్టిన పంచె, చేతిలో సత్తు గ్లాసు.

"మీరెవరు?"

"ఈ గదిలో ఉంటా."

గ్లాసు కిటికీలో పెట్టి, మూలనున్న కర్రతో దూలాన్ని పొడిచాడు. బూడిదలా పొడి రాలింది.

"చూసినావా? ఇట్టాంటివి మూడుండాయి."

బ్రోకరు జయరామన్ వీధిలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నెల్లితోపులో ఈ పాత మిద్దెకి ముప్పై వేలు అడుగుతున్నారని ఆమెను తీసుకొచ్చింది అతనే. ఓనరు మాత్రం ఎవరి ముందుకూ రారట. కొనేవాళ్లు తన మొహం చూసి కాదు, ఇల్లు చూసి ధర చెప్పాలట.

హేమావతి దగ్గర ఉన్నవి సరిగ్గా ముప్పై వేలు. భర్త పోయిన పదకొండేళ్లలో పోస్టాఫీసు జీతంలోంచి మిగిల్చినవి, గాజులు అమ్మగా వచ్చినవి.

వైశాఖంలో అన్న కొడుకు పెళ్లి. అన్న ఇంట్లో ఆమె పడుకునే గది కొత్త దంపతులకు కావాలి. ఆ మాట ఎవరూ ఆమెతో అనలేదు. గదికి సున్నం వేయించారు, అంతే.

"బావి నీళ్లు బాగుంటాయా పెద్దాయనా?"

"ఎండాకాలం ఉప్పు. వానాకాలం ఈ మూల కారతాది. ఎంతంటా ఉండాడు బ్రోకరు?"

"ముప్పై."

"ఇరవై రెండు దాటొద్దు. మిగిలింది మిద్దెకి పెట్టు. లేకుంటే గొడుగేసుకోని పండుకోవాల."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

"నువ్వొక్కతేనా ఉండేది?"

"అవును."

"ఒక్కరికి వండుకుంటే రోజూ మిగిలిపోతా ఉంటాది," అన్నాడాయన. "నన్ను చూడు. నిన్నటి రసం ఇంకా ఉండాది."

ఆమె గుమ్మం వైపు నడిచింది.

బజారు కొట్లో పెరిగిన మనిషి ఆమె. ఊరికే ఎవరూ సరుకును తక్కువ చేసి మాట్లాడరని నాన్న గల్లాపెట్టె పక్కన కూర్చుని చూసిందే.

ఈయనకు ఏం కావాలి? ఇల్లు అమ్ముడుపోకూడదు. అద్దెకున్నవాడు కదా. అమ్ముడుపోయినా కదలడు. అన్న కొట్టు పక్కింట్లో ఇలాంటి అద్దెమనిషి మీద తొమ్మిదేళ్లుగా కోర్టులో కేసు నడుస్తోంది.

అయినా, ఆయన చెప్పిన అంకె మాత్రం ఆమెకు నచ్చింది.

వీధిలోకి వచ్చి జయరామన్‌తో చెప్పింది.

"ఇరవై రెండు. రూపాయి ఎక్కువివ్వను. ఇంకోటి, ఆ వెనక గది ఖాళీ చేయించాల."

జయరామన్ చెవి గోక్కున్నాడు.

"ఇరవై రెండు అడిగి చూస్తా. గది సంగతి వదిలెయ్యండక్కా. ముసిలాయన, ఒక మూల పడుంటాడు."

"మూల పడుండేవాళ్లను లేపేది ఎంత కష్టమో నాకు తెలుసు."

అన్నాక, వదిన కూడా తన గురించి ఇలాగే అనుకుంటూ ఉంటుందేమో అనిపించింది.

మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు జయరామన్ పోస్టాఫీసు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"రెండిటికీ ఒప్పుకున్నారక్కా."

"బేరం ఆడలేదా?"

"లేదు. మీ అన్న ఆదికేశవులు కూడా ఇంత అగ్గువకి ఏదీ కొనుండరు." జేబులోంచి చిల్లర తీశాడు. "గది సంగతి మాత్రం ఇంకోసారి అడిగి రమ్మన్నారు."

"ఒకసారి చెప్తే చాలదా?"

అతను తల వంచుకుని, రెండు స్టాంపులు కొనుక్కుని వెళ్లిపోయాడు.

రిజిస్ట్రేషన్ నాడు ఆమె సెలవు పెట్టుకుని వెళ్లేసరికి పన్నెండయింది. ఓనరు పొద్దున్నే వచ్చి సంతకాలు చేసి వెళ్లిపోయారట. తన సంతకాలు కూడా అయ్యాక, జయరామన్‌ను వెంటబెట్టుకుని నేరుగా ఇంటికి వెళ్లింది.

వెనక గది ఖాళీగా ఉంది. నేల ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది.

ముందుగదిలో మార్చాల్సిన దూలాలు మూడింటికీ సుద్దముక్కతో అడ్డగీతలు. గోడ మీద తట్టాంచావడిలో ఉండే మేస్త్రీ ఒకతని పేరు, అడ్రసు. దాని కింద తమిళంలో ఇంకో ముక్క: కూలి రోజుకు పన్నెండే, ఎక్కువ ఇవ్వొద్దు.

"ఆ ముసలాయన రాతేనా ఇది?"

"అవునక్కా."

"యాడికి పోయినాడు?"

"విల్లియనూరు పక్క ముసిలోళ్ల హోమ్ ఒకటుండాది. ఒక పెట్టె, ఒక చాప. రిక్షాలో నేనే ఎక్కించినా."

హేమావతి మళ్లీ వెనక గదిలోకి వచ్చి నిలబడింది. ఇంత ఇంట్లో తనకు ఈ గదితో ఏం పని అని మొదటిసారి అనిపించింది.

"ఆయన్ను పిలిపిద్దాం జయరామన్. నేను చెప్తే వస్తాడో రాడో, ఓనరు చెప్తే వస్తాడు. పద, పోయి అడుగుదాం. ఓనరు ఉండేది యాడ?"

జయరామన్ తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈడనేనక్కా. పొద్దున దాకా ఈ గదిలోనే."