మంచును ఎరగని ఇల్లు

మా లంబసింగి మంచు ఎంత చిక్కనిదంటే, మా మేకలు పొద్దున్నే దాన్ని మేయడానికే కొండెక్కుతాయి. హైదరాబాదు అద్దెలు భరించలేక మా ఊరొచ్చిన హైమవతికి ఆ సంగతి తెలియదు. నగరంలో మాట్లాడుతూ, తలుపులు తీస్తూ వేస్తూ తన ఇంటిని నడిపిన యంత్రాన్నే తెచ్చి ఇక్కడా బిగించుకుంది.

కొత్తగా వచ్చినవాళ్లు తొలి తెల్లవారుజామున వీధి నెగడును తమ చేత్తో అంటించాలి. అప్పుడే వాళ్లు మావాళ్లు. అందరం వణుకుతూ కట్టెల చుట్టూ నిలబడ్డాం. ఆమె మాత్రం గడప దాటలేదు.

"ఏటమ్మా, మా మీద అలిగావేటి?" అని కిటికీ దగ్గరికెళ్లి కేకేశాను.

"ఇల్లు తలుపు తియ్యట్లేదు తాతా! బయటంతా పొగంట!"

"పొగలోకి మిమ్మల్ని పంపలేనమ్మా," అంది ఇల్లు మర్యాదగా.

"అత్తగారిని వదిలొచ్చావనుకున్నాను, గోడల్లో పెట్టి తెచ్చుకున్నావే!" అన్నాను. అందరూ నవ్వారు. హైమవతికి ఏడుపొక్కటే తక్కువ. ఒకరిద్దరు చలికి ఆగలేక ఇంటిదారి పట్టారు కూడా.

ఆమె వంటింటి వెంటిలేటరు సందులోంచి చెయ్యి బయటికి చాపి, కాసేపు అలాగే ఉంచింది. తడిసిన ఆ వేళ్లతో, ఇంటికి కన్నులాంటి గోడమీది కెమెరాను తాకింది.

"పొగైతే చెయ్యి తడుస్తుందా?"

తలుపు తెరుచుకుంది.

హైమవతి నెగడు ముందు కూర్చుని అగ్గిపుల్ల గీస్తుంటే, వెనకనుంచి ఇల్లు మెల్లగా అంది: "తలుపు వెయ్యకండమ్మా. నేనూ చూస్తాను."