వేలు పెట్టిన చోట

“ప్రమాదమేమీ లేదు సార్, మామూలు గడ్డే. పక్కటెముకలో రావడమే అరుదు,” అంటూ శిష్యుడు స్కానింగు తెర మీద కందిగింజంత మచ్చను చూపించాడు.

నిరుడు రిటైరయ్యేదాకా ఆ గదినేలిన పెద్ద డాక్టరు గారికి, భార్య ఎముకలోని మచ్చకంటే ముందు తన కుర్చీలో కూర్చున్న శిష్యుడే కనిపించాడు.

“నేను తీయించిన ఎక్స్‌రేలో ఇది లేదే,” అన్నాడాయన ముభావంగా.

“ఎక్స్‌రేలో ఎవరికీ దొరకదు సార్.”

ఆ ఓదార్పు ఆయనకు మరింత మంట పుట్టించింది. శిష్యుడు రిపోర్టు తేవడానికి వెళ్ళగానే భార్య వైపు తిరిగాడు.

“నాకు చెప్పకుండా వాడి దగ్గర స్కానింగు తీయించుకున్నావన్నమాట. నాకంటే మొనగాడా వాడు?”

“అదంతా నాకేం తెలుసండీ. మీరు ఫిల్ము చూసి, ఏమీ లేదు పొమ్మన్నారు. ఆ అబ్బాయి ‘ఎక్కడమ్మా నొప్పి?’ అని అడిగాడు. నేను వేలు పెట్టిన చోట, స్కానింగులో గుర్తు తెలిసేలా సీసపు పూస అంటించి, అక్కడే వెతికాడు.”

ఆయన తెర వైపు మళ్ళీ చూడలేదు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆమె వైపు చెయ్యి చాచాడు.

“ఎక్కడ?”

ఆవిడ ఆయన వేలు పట్టుకుని, మెల్లగా తన వీపు మీదికి తీసుకెళ్ళింది.