రేణుకమ్మ తాళికలు

పొద్దున్నే పాలచెంబుతో పాటు చిన్న గిన్నె ఒకటి జయమ్మ ఇంటి అరుగు మీద పెట్టింది పాలు పోసే రేణుకమ్మ.

"ఏందది?" అడిగింది జయమ్మ.

"పాలతాళికలమ్మా. పాపకు."

బియ్యప్పిండిని అరచేతులతో సన్నగా పామి, బెల్లం పాలలో ఉడికించినవి. జయమ్మ కూతురు స్వరాజ్యం అప్పటికే గిన్నె ముందు చతికిలబడింది.

"పాలమ్మ తెచ్చింది!"

ఆ కరువు ఏడు సూర్యాపేటలో బియ్యం కనబడితే కళ్లకద్దుకునేవాళ్లు. కంట్రోలు దుకాణంలో ఇచ్చేవి అమెరికా గోధుమలు. అన్నం మెతుకు తప్ప ఎరగని ఇళ్లు ఆ రొట్టెలు నమలలేక అమెరికాను తిడుతూ, తిడుతూనే తినేవి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజుల మీద ఇష్టమూ పుడుతుంది.

జయమ్మకు మాత్రం నవ్వు లేదు. ఆరేళ్ల స్వరాజ్యానికి తిన్నది ఒంటపట్టదు. చేతులు పుల్లలు, పొట్ట కుండ. దిష్టి తీసింది, తాయెత్తు కట్టింది. పిల్ల దక్కుతుందో లేదోనని ఆమె బెంగ.

"పాపకు గోధుమరొట్టె ఆపుండ్రమ్మా," అంది రేణుకమ్మ కొంగు నలుపుతూ. "మా ఇంటాయనకు గిట్లనే ఉండె. నా కడుపుకు గూడ గోధుమ పడది."

"నీ కడుపుకు పడకపోతే నా బిడ్డను పస్తు పండబెట్టాల్నా?"

రేణుకమ్మ ఈ మధ్యే మిర్యాలగూడ దిక్కు నుంచి బర్రెను తోలుకొని పక్కూరు చివ్వెంలకు వచ్చిన మనిషి. ముందూ వెనకా ఎవరూ లేరు. అట్లాంటివాళ్ల మాటకు విలువెక్కడిది?

మర్నాడు మళ్లీ గిన్నె తెచ్చింది.

ఆ మధ్యాహ్నం పిల్ల కడుపు పట్టుకొని మెలికలు తిరిగింది. పొద్దున తిన్నవి తాళికలు. రాత్రి తిన్న రొట్టె ఎవరికి గుర్తుంటుంది?

"బయటోళ్ల చేతి తిండి పెడితే గిట్లనే అయితది," అంది పక్కింటి ఆండాలు. "ఆమెకు గోధుమ పడదన్నదా? నిన్న మా ఇంట్ల కడుపునిండ రొట్టెలు తిన్నది. తేన్పు గూడ రాలే!"

తెల్లారి రేణుకమ్మ వచ్చేసరికి జయమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నీ కడుపుకు పడదంటివి. ఆండాలు ఇంట్ల ఎట్ల తింటివి? అబద్ధాలాడి నా బిడ్డ నోట్లె ఏం పెడుతున్నవ్?"

రేణుకమ్మ తలుపు సందులోంచి తొంగిచూస్తున్న స్వరాజ్యం వైపు చూసింది.

"అబద్ధం గాదమ్మా. నా కడుపుకు పడది."

"ఇగ మా గడప తొక్కకు!"

నిన్నటి గిన్నె కూడా అడగకుండా వెళ్లిపోయింది.

పిల్ల ఇంకా చిక్కిపోయింది. చివరికి జయమ్మ కోదాడలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

"గోధుమ మాన్పించండమ్మా. బియ్యం, జొన్నలు పెట్టండి," అన్నాడాయన. "ఇది ఒక్కోసారి వంశంలో వస్తుంది. మీకుందా? వాళ్ల నాన్నకుందా?"

జయమ్మ పిల్లను బయట కూర్చోబెట్టి వచ్చి గొంతు తగ్గించింది.

"మేం కన్నది గాదు సారూ. మిర్యాలగూడ దవాఖానల ఎవరో సాకలేక ఇచ్చిపోయిన పసిగుడ్డు. తల్లెవరో మేం అడగలే."

గోధుమ మానేశాక పిల్ల బుగ్గలు పూడాయి. జయమ్మకు రేణుకమ్మ మాట గుర్తొచ్చింది. సిగ్గనిపించింది. తోమిన గిన్నె పట్టుకొని, పిల్లను వెంటబెట్టుకొని చివ్వెంల బస్సెక్కింది.

గుడిసెకు తాళం ఉంది.

"బర్రెనమ్ముకొని పోయింది. ఎటు పోయిందో ఎవరికెరుక?" అన్నాడు పక్క గుడిసె ఈదయ్య.

"పాపం, ఆమెకు గోధుమ పడకపోతుండె గద తాతా?" అంది జయమ్మ.

ఈదయ్య బోసినోటితో నవ్వాడు.

"ఆమెకా? రాళ్లు తిన్నా అరుగుతయి! దినాం గోధుమ రొట్టెలే తినేది. దొరికిన పిడికెడు బియ్యం మాత్రం సూర్యాపేటల పాప ఉన్నదని దాచేది."

జయమ్మ చేతిలోని గిన్నె వైపు, పక్కనున్న పిల్ల వైపు చూసింది.

రేణుకమ్మ అబద్ధమాడలేదు. ఆమె కడుపుపంట జయమ్మ వేలు పట్టుకొని, "అమ్మా, పాలమ్మ ఏది?" అని అడుగుతోంది.